పిస్టల్ సంగతి తర్వాత, ముందు తూటా చూడు

ఒరేయ్ అబ్బాయీ,

పిస్టళ్ల చరిత్ర రాస్తున్నానని నువ్వు పంపిన చిత్తుప్రతి మొత్తం చదివాను. ఏ కంపెనీ ఏ ఏడాది ఏ మోడల్ తెచ్చిందో వరసపెట్టి రాసుకుంటూ పోయావు, ఎందుకు తెచ్చిందో మాత్రం ఒక్కచోటా లేదు. ఆ ‘ఎందుకు’ చాలావరకు తూటాలోనే దొరుకుతుంది. తూటా అంటే ఇక్కడ కేసు అనే లోహపు గొట్టం, అందులో తుపాకీ మందు, మొనన బుల్లెట్, అడుగున మందుకు నిప్పంటించే ప్రైమర్, అన్నీ కలిపి. కాబట్టి ఆ పిస్టళ్ల ఫొటోలు కొన్నాళ్లు పక్కన పడేయ్.

1893లో హ్యూగో బోర్ఖార్ట్ చేసిన, తూటాలు తనే ఎక్కించుకునే పిస్టల్ తీసుకో. చేతిలో అస్సలు ఇమడదు, వెనక అంతా బరువు. దాని తూటా 7.65×25. ఈ పేర్లలో మొదటి అంకె బుల్లెట్ లావు, రెండోది కేసు పొడవు, అంటే కేసు పొడవే 25 మిల్లీమీటర్లు. తూటాలు పేర్చే మ్యాగజైన్ పిడిలోనే ఉంటుంది కాబట్టి తూటా ఎంత పొడవుంటే పిడి అంత వెడల్పవుతుంది. జార్జ్ లూగర్ ఆ కేసును 21 మిల్లీమీటర్లకు కుదించాడు, పిస్టల్ ఒళ్లు తగ్గింది. తర్వాత సైన్యాలు ఇంకాస్త లావు బుల్లెట్ కావాలన్నాయి. సరేనని కేసు పైన సన్నగా ఉన్న మెడ తీసేసి 9 మిల్లీమీటర్ల బుల్లెట్ కూర్చాడు, అదే 9×19 పారాబెల్లమ్. అటు మౌజర్ వాళ్లు బోర్ఖార్ట్ తూటానే పట్టుకుని మరింత బలంగా 7.63 చేసుకుంటే, సోవియట్లు దాన్నుంచి 7.62 టోకరేవ్ తీశారు. నీ చిత్తుప్రతిలో మూడు వేర్వేరు అధ్యాయాల్లో ఉన్నవన్నీ ఒకే తూటా సంతానం, చూశావా? వీటన్నిటికంటే ముందు 1884లో పాల్ వియే చేసిన పొగలేని మందు గురించి కూడా రాయాలి, ఎందుకంటే పాత నల్ల తుపాకీ మందు వదిలే మసికి ఇంత చిన్న యంత్రం కాసేపట్లోనే బిగుసుకుపోతుంది.

పేర్లను నమ్మకు, సన్నటి కొలతలు తీసే వెర్నియర్ క్యాలిపర్ ఒకటి పెట్టుకో. చుక్కతో మొదలయ్యే .38, .45 లాంటి పేర్లు అంగుళాల్లో లావు చెప్పేవి. .38 స్పెషల్ బుల్లెట్ కొలిస్తే .357 అంగుళాలు వస్తుంది, పాత పేరు అలా అతుక్కుపోయిందంతే. 1935లో వచ్చిన .357 మ్యాగ్నమ్‌ది కూడా అదే బుల్లెట్ వ్యాసం, కాకపోతే కేసు 3 మిల్లీమీటర్లకు పైగా పొడవు. అంత ఒత్తిడి తట్టుకోలేని .38 రివాల్వర్లో అది దూరకూడదనే అలా పెంచారు. సోవియట్ల మకరోవ్ తూటా 9 మిల్లీమీటర్లన్నావు, బుల్లెట్ అసలు కొలత దాదాపు 9.27, పారాబెల్లమ్‌ది 9.02 దగ్గర ఉంటుంది. రెండిటినీ కలిపి ఒకే పట్టికలో పెట్టడం తప్పు, దిద్దుకో.

కొలవడానికి కాల్చేసిన ఖాళీ కేసులు చాలు. ఇంకా కాల్చని తూటాను విప్పే పని ఎప్పుడూ పెట్టుకోకు. ఖాళీ కేసు లోపలికి టార్చి వేసి అడుగున చూడు. మధ్యలో ఒకే రంధ్రం ఉంటే బాక్సర్ ప్రైమర్, పక్కపక్కనే రెండు సన్న రంధ్రాలుంటే బెర్డాన్. ఖాళీ కేసులను మళ్లీ నింపుకునేవాళ్లకు మొదటిదే ఇష్టం, నడిమి రంధ్రంలోంచి పిన్నుతో పాత ప్రైమర్‌ను తోసేయొచ్చు కదా. తమాషా ఏమిటంటే బాక్సర్ ఇంగ్లండువాడు, ఆయన పద్ధతి అమెరికాలో స్థిరపడింది, బెర్డాన్ అమెరికావాడు, ఆయనది యూరప్‌లో.

రీలోడింగ్ (కేసులు మళ్లీ నింపడం) అధ్యాయంలో మందు తూకాలు అక్కడా ఇక్కడా చూసి ఎత్తి రాశావు. అవన్నీ కొట్టేయ్. ఒక మందుకు చెప్పిన తూకం ఇంకో మందుకు పనికిరాదు, మందు మార్చకపోయినా 9×19 లాంటి చిన్న కేసులో బుల్లెట్ కాస్త లోతుగా దిగితే చాలు, ఒత్తిడి ఎక్కడికో పోతుంది. పైగా చాలా పిస్టల్ కేసుల్లో మందు సగం కూడా నిండదు, పొరపాటున రెండుసార్లు పోసినా బయటికి పొర్లదు, అందుకే అనుభవమున్నవాళ్లు బుల్లెట్ పెట్టబోయే ముందు ప్రతి కేసులోకీ లైటు వేసి చూస్తారు. అది రాయి, అంకెలు వద్దు. నువ్వే చేసి చూడాలనుకుంటే లైసెన్సు సంగతి తేల్చుకుని, తెలిసినవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకో.

.45 గురించి నీ పొగడ్త మరీ ఎక్కువైంది. అమెరికా సైన్యం చేయించిన 1904 థాంప్సన్–లాగార్డ్ పరీక్షలు అదే మేలని శాస్త్రీయంగా తేల్చాయని రాశావు. కొన్ని శవాల మీద, కబేళాలో కొన్ని పశువుల మీద కాల్చి చూసి .45కు తగ్గకూడదన్నారు, 1911లో జాన్ బ్రౌనింగ్ చేసిన .45 పిస్టల్ వచ్చింది. పిస్టల్ గొప్పదే, పరీక్ష మాత్రం నా లెక్కలో చాలా పలచన. .40 కథ కూడా ఇలాంటిదే: 1986లో మయామీలో దొంగలతో కాల్పుల్లో తమవాళ్లు చనిపోయాక అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ 10 మిల్లీమీటర్ల తూటాకు మారింది, అది చేతికి మరీ ఎదురు తంతోందని మందు తగ్గించింది, తగ్గించాక కేసులో ఖాళీ మిగిలితే కేసునే పొట్టి చేసి 1990లో .40 తెచ్చారు, చివరికి పాతికేళ్లు తిరిగేసరికి ఎఫ్‌బీఐ మళ్లీ 9కే వచ్చేసింది. ఆ తిరుగు ప్రయాణం నీ రాతలో అసలు లేదు.

ముందు బోర్ఖార్ట్ నుంచి 9×19 దాకా ఒక్క అధ్యాయం మళ్లీ రాసి పంపు. కొలతలన్నీ మిల్లీమీటర్లలో పెట్టు, అంగుళాల్లో ఉన్నవాటిని పేర్లుగా మాత్రమే వాడు.