బిట్‌కాయిన్ ఐదు నిమిషాల మార్కెట్లలో రోజూ చిన్న లాభం తీయొచ్చా?

ప్రశ్న అడిగినాయన లెక్క ఇదీ: బిట్‌కాయిన్ ఇంకో ఐదు నిమిషాల్లో ఫలానా ధర పైన ఉంటుందా, ఉండదా అనే మార్కెట్లో చివరి నిమిషం దాకా ఆగి, దాదాపు ఖాయమైన వైపు కొంటే రోజుకి రెండు మూడొందలు మిగలవా అని. నాకూ ఇదే ఐడియా వచ్చింది. పద్నాలుగు సార్లు పనిచేసింది కూడా. పదిహేనోసారి ఏమైందో చెప్తాను.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో గుమాస్తాని. ఆంధ్రలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకు 2020లోనే నిషేధం వచ్చింది, కాబట్టి ఇలాంటి ప్రశ్నల మీద ‘ఎస్’, ‘నో’ కొనే ఆ యాప్ ఇక్కడ తెరుచుకునేది కాదు. బెంగళూరులో ఉండే మా బావమరిది ఫోన్లో తెరుచుకునేది. ధర చూసి చెప్పేది నేను, బటన్ నొక్కేది వాడు, లాభనష్టాలు చెరిసగం. ఇంత తెలివి ఇంకెవరికీ లేదనుకున్నాం.

2025 మార్చి. యార్డు నిండా తేజ రకం మిర్చి. సాయంత్రం నాలుగు దాటింది, కాటాలు నడుస్తున్నాయి, ముఠా హమాలీలు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఎత్తుతున్నారు. 4:10కి బిట్‌కాయిన్ 84,000 డాలర్లు దాటి ఉంటుందా అన్నది ప్రశ్న. 4:09కి చూస్తే 84,060. ‘ఎస్’ ధర తొమ్మిదిన్నర రూపాయలు, గెలిస్తే పది. “నాలుగొందల ‘ఎస్’లు కొట్టరా” అన్నాను. 200 కోసం 3,800 పెట్టామన్నమాట.

అంతలో పక్కన ఎవరో ఒక టిక్కీ కోశారు. ఘాటు నేరుగా ముక్కుకి కొట్టింది. పని మొదలుపెట్టాక తుమ్మితే ఆగాలంటారు గానీ, మిర్చి యార్డులో తుమ్ముకి శకునం చూస్తే ఒక్క బస్తా కదలదు. నేను తుమ్ముతున్నాను, స్క్రీన్ మీద 84,020... 84,005... “అమ్మేయ్” అందామంటే నోట్లోంచి మాట రాదు. అవతల వాడు “బావా, ఉంచనా, అమ్మనా? బావా!” అని అరుస్తున్నాడు. కళ్లు తుడుచుకునేసరికి 83,996. టైము అయిపోయింది.

తప్పంతా తుమ్ముదేనని నెల్లాళ్లు నమ్మాను. తర్వాత వాడే చెప్పాడు: నేను తుమ్మకపోయినా అమ్ముడయ్యేది కాదట, చివరి ఇరవై సెకన్లలో కొనేవాడే కనపడలేదట. మనకంటే ముందు కంప్యూటర్ ప్రోగ్రాములు ధర చూస్తాయి, చెడుతోందనిపిస్తే క్షణంలో ఆర్డర్లు వెనక్కి తీసుకుంటాయి. నేను ఫోన్లో చూసే చార్టు వాటికి పాతబడిన వార్త. పైగా ఏ ఎక్స్ఛేంజి ధరతో తేలుస్తారో రూల్సులో రాసే ఉంది, నేను చూసేది ఇంకో ఎక్స్ఛేంజి. తప్పు నాదే.

అసలు లెక్క ఇంకా సింపుల్. తొమ్మిదిన్నరకి కొంటే ఒక్క ఓటమికి పంతొమ్మిది గెలుపులు పోతాయి. గెలుపులో యాప్ కోసుకునే కమిషన్ కూడా కలిపితే ఇంకో ఒకటి రెండు. మేం గెలిచింది పద్నాలుగు, అంటే 2,800. అది ఒక్క నిమిషంలో పోయి, ఇంకో వెయ్యి చేతి నుంచి పడింది.

మిర్చి ధర తగ్గితే కారణం ఉంటుంది. సరుకు ఎక్కువ దిగిందనో, కాయలో తేమ ఉందనో, చైనా ఆర్డర్లు ఆగాయనో చెప్తారు. 84,060 నుంచి 83,996కి ఎందుకొచ్చిందో ఎవర్నడగాలి? అమెరికా ద్రవ్యోల్బణం లెక్కలొచ్చే రోజు సాయంత్రం ఆరింటికో, వాళ్ల చలికాలంలో ఏడింటికో కదిలితే అదొక అర్థం. మామూలు రోజు 4:09కి ఏముంది? కోడిపందెంలో నయం, ఏ కోడికి కత్తి ఎలా కట్టారో కళ్లతో చూస్తాం.

ఇక టెలిగ్రామ్‌లో ‘నైంటీ పర్సెంట్ గ్యారంటీ సిగ్నల్’ అని గ్రూపులు నడిపేవాళ్లు. తొమ్మిదిన్నరకి కొంటే తొంభై శాతం గెలిచినా నష్టమేరా నాయనా! దానికి నెలకి ఐదొందలు చందా. నేనూ కట్టాను, రెండు నెలలు.

2025 ఆగస్టులో కేంద్రం చట్టం తెచ్చాక ఆ యాప్‌లో డబ్బు ఆట ఆగిపోయింది. బావమరిది ఆగలేదు. విదేశీ సైట్లలో పదిహేను నిమిషాల అప్, డౌన్ మార్కెట్లు ఉన్నాయి, డాలరు విలువుండే క్రిప్టో కాయిన్లు కొంటే చాలంటాడు. ఇక్కడ క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, ఒకదాంట్లో పోయింది ఇంకోదాంట్లో తగ్గించుకోనివ్వరు అని చెప్తే, “ముందు లాభం రానీ బావా” అంటాడు.

ఆ 3,800లో నా వాటా పంతొమ్మిది వందలు వాడికి ఇంకా ఇవ్వాలి. మొన్న సంక్రాంతికి వచ్చి మా ఆవిడ ముందే అడిగాడు. మంచి తేజ ఐదు కిలోలు సంచిలో కట్టించి బస్సెక్కించాను. మిగతాది వచ్చే సీజనుకి.