టీకా తేదీ దాటిపోయిందా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది నారాయణపేట జిల్లా. బాబుకు ఆరో వారం టీకాలు వేయించి, కూలి పనికి పుణె వెళ్లిపోయాం. ఇప్పుడు తిరిగొచ్చాం. వాడికి పదకొండో నెల. అన్నీ మళ్లీ మొదట్నుంచి వేయించాలని ఊళ్లో అంటున్నారు. కార్డు కూడా ఎక్కడో పోయింది.

జవాబు: మొదట్నుంచి అక్కర్లేదమ్మా. వేసిన డోసు వేసినట్టే. ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి కొనసాగిస్తారు. వచ్చే బుధవారమో శనివారమో బాబును టీకాలు వేసే కేంద్రానికి తీసుకెళ్లండి. పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు ఒకే సూది), పోలియో చుక్కలు, పోలియో సూది, రోటా (విరేచనాలు రాకుండా వేసే చుక్కలు), పీసీవీ (న్యుమోనియా టీకా)... వీటన్నిటిలో రెండో డోసు, వాటితోపాటు తొమ్మిది నెలలకు పడాల్సిన ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) మొదటి డోసు, విటమిన్ ఎ 1 మి.లీ. ఒకే రోజు ఇవ్వవచ్చు. సూదులు వేర్వేరు చోట్ల వేస్తారు. ఒకే తొడకు రెండు వేయాల్సొస్తే మధ్యలో అంగుళం ఎడం ఉంచుతారు. పెంటావాలెంట్, పోలియో చుక్కలు, రోటా మూడో డోసులు మరో నాలుగు వారాలకు. పీసీవీ బూస్టర్‌కు (చివరి డోసుకు) మాత్రం ఎనిమిది వారాలు ఆగాలి. ‘పసివాడికి ఇన్ని సూదులా, సగం వచ్చే నెల వేయండి’ అని మీరే ఆపించకండి. మళ్లీ పనికి వెళ్లిపోతే ఆ సగం అలాగే ఉండిపోతుంది.

కార్డు పోయినా ఏఎన్ఎం (టీకాలు వేసే నర్సు) రిజిస్టర్లో రాసి ఉంటుంది. టీకాలు నమోదు చేసే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక యూ-విన్‌లో ఎక్కించి ఉంటే మీ ఫోన్ నంబరుతో దొరుకుతుంది. ఎక్కడా ఆధారం లేని డోసును వేయనట్టే లెక్కగట్టి వేస్తారు, ఒకటి ఎక్కువైనా హాని లేదు. ఈసారి ఊరు వదిలేముందు కార్డు అన్ని పేజీలూ ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఏ రాష్ట్రంలో ఉన్నా ప్రభుత్వ కేంద్రంలో ఈ టీకాలు ఉచితమే.

ప్రశ్న: పాపకు జలుబుందని టీకా వేయించకుండా వెనక్కి తెచ్చేశాం. టీకా తర్వాత జ్వరమొస్తే ఎంత మందు వేయాలి?

జవాబు: జలుబు, కొద్దిపాటి దగ్గు, పలుచటి విరేచనాలు టీకాకు అడ్డు కావు. బరువు తక్కువున్న బిడ్డకైతే టీకా మరీ అవసరం. ఆసుపత్రిలో చేర్చాల్సినంత జబ్బుంటే వాయిదా వేస్తారు. ఇదివరకటి డోసు తర్వాత ఫిట్స్ గానీ, ఒళ్లంతా దద్దుర్లతో ఆయాసం గానీ వచ్చుంటే ముందే చెప్పండి, తర్వాతి డోసు సంగతి డాక్టరు తేలుస్తారు. టీకా వేశాక అరగంట అక్కడే కూర్చోండి.

జ్వరానికి పారాసెటమాల్ కిలో బరువుకు 10 నుంచి 15 మి.గ్రా., ఆరు గంటలకోసారి, రోజుకు నాలుగుసార్లకు మించకుండా. ఎక్కువగా పొరపాటు జరిగేది సీసా దగ్గరే. డ్రాప్స్‌లో సాధారణంగా 1 మి.లీ.కి 100 మి.గ్రా. ఉంటుంది, సిరప్‌లో 5 మి.లీ.కి 120 లేదా 250 ఉంటుంది. ఆరు కిలోల పాపకు డ్రాప్స్ అయితే 0.6 నుంచి 0.9 మి.లీ. చాలు. సిరప్ అనుకుని ఒక చెంచాడు డ్రాప్స్ పోస్తే 500 మి.గ్రా. లోపలికి పోయినట్టే. లేబుల్ చదివాకే మూత తీయండి. ఎంఆర్ జ్వరం మాత్రం వారం పది రోజులకు వస్తుంది, సన్నటి పొక్కులూ కనిపించవచ్చు. బీసీజీ (క్షయ టీకా) వేసిన చోట కొన్ని వారాలకు బొబ్బ లేచి చితుకుతుంది. దానికి పసుపూ వద్దు, ఆయింట్‌మెంటూ వద్దు.

ప్రశ్న: నేను పాడేరు వైపు ఆశా కార్యకర్తను. కొండమీది ఊళ్లకు టీకాలుంచే చల్లపెట్టె (క్యారియర్) మోసుకెళ్తాం. ఎండకు టీకా పాడవకుండా ఐస్ ప్యాక్‌లు గట్టిగా గడ్డకట్టినవే పెట్టాలా?

జవాబు: వేడికి అందరూ భయపడతారు గానీ, చలికి పాడయ్యే టీకాలే ఎక్కువ. పెంటావాలెంట్, హెపటైటిస్ బి, డీపీటీ (కోరింత దగ్గు, ధనుర్వాతం, డిఫ్తీరియా టీకా), టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా టీకా), పోలియో సూది, పీసీవీ ఒకసారి గడ్డకడితే పనికిరావు. కరిగాక చూపుకు మామూలుగానే ఉండొచ్చు, అదే ప్రమాదం. వయల్ (టీకా సీసా) మీద రంగు మారే వీవీఎం గుర్తు వేడినే చెబుతుంది, గడ్డకట్టిన సంగతి చెప్పదు. అందుకే ఫ్రీజర్లోంచి తీసిన ప్యాక్‌లను బల్లమీద పరిచి ఉంచండి. పైన చెమట పట్టి, చెవి దగ్గర ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించాకే నాలుగు వైపులా నాలుగు సర్దండి. వయల్స్ ప్లాస్టిక్ సంచిలో వేసి నడుమ పెట్టండి. లోపల 2 నుంచి 8 డిగ్రీలుండాలి.

వీవీఎంలో లోపలి చదరం చుట్టూ ఉన్న వలయం కంటే లేత రంగులో ఉంటే వాడొచ్చు. రెండూ ఒకే రంగుకొస్తే, లేదా చదరమే ముదిరితే పక్కన పెట్టాలి. పొడిగా వచ్చే బీసీజీ, ఎంఆర్ టీకాలను ద్రవంతో కలిపిన వెంటనే వయల్ మీద టైం రాయమని ఏఎన్ఎం గారికి గుర్తు చేయండి. నాలుగు గంటలు దాటితే, ఎన్ని డోసులు మిగిలినా, పక్క ఊరికి పట్టుకెళ్లకూడదు. వాటిలో ప్రిజర్వేటివ్ ఉండదు, సూక్ష్మజీవులు పెరిగితే బిడ్డ ప్రాణానికే ముప్పు. నడక దూరం ఎక్కువైన రోజున పిల్లలంతా ఒకచోట చేరాకే కలపడం మేలు.

ప్రశ్న: రెండేళ్లకే మళ్లీ గర్భం వచ్చింది. టీడీ రెండుసార్లూ వేయించుకోవాలా?

జవాబు: మొన్నటి కాన్పుకు రెండూ పడి, మూడేళ్లు నిండకపోతే ఒక్క బూస్టర్ చాలు. పాత కార్డు చూపించండి.