ఇల్లంతా నాదే అని ఇంగ్లీషులో ఎలా అనాలి? కొత్త టీచరమ్మకు పెదనాన్న ఉత్తరం

అమ్మడూ,

నీ మెసేజ్ చూశాను. ఎనిమిదో తరగతిలో ‘షి హ్యాడ్ ది హౌస్ టు హర్‌సెల్ఫ్’ దగ్గర పాఠం ఆగిపోయిందని, సగం మంది పిల్లలు ‘ఆమెకు సొంత ఇల్లు ఉంది’ అని రాశారని, నువ్వు ‘ఆమె ఇంట్లో ఒంటరిగా ఉంది’ అని చెప్పి ముందుకు వెళ్లిపోయావు గానీ నీకే తృప్తిగా లేదని రాశావు. నీకు తృప్తి కలగనందుకు నాకు చాలా సంతోషం. బొబ్బిలిలో చేరి నెల తిరగలేదు, అప్పుడే ఒక చిన్న వాక్యం గురించి ఇంత బెంగ పెట్టుకునే టీచరు ఆ పిల్లలకు దొరికింది. ఫోన్‌లో అయితే అటూ ఇటూ మాటల్లో పడి అసలు విషయం జారిపోతుందని తీరిగ్గా రాస్తున్నాను.

ముందు ఆ ‘ఒంటరిగా’ను తీసెయ్యమ్మా. ఈ మాటకు ఒంటరితనంతో పని లేదు. మీ బాబాయ్, పిన్ని పండగా పబ్బం కాని రోజు పొద్దున్నే కళింగపట్నం బీచ్‌కి వెళ్లారనుకో. లైట్‌హౌస్ దగ్గర్నుంచి చూస్తే ఇసక మీద ఇంకో మనిషి లేడు. ‘దే హ్యాడ్ ది బీచ్ టు దెమ్‌సెల్వ్స్’ అంటారు. ఇద్దరున్నారు, ఇద్దరూ ఆనందంగానే ఉన్నారు. బయటివాళ్లు లేరు, అంతే. నీ క్లాసు మొత్తానికి ఒక పూట గ్రౌండంతా దొరికినా ఇదే మాట అనొచ్చు. ఒంటరిగా అని చెప్పాలంటే ‘బై హర్‌సెల్ఫ్’ ఉంది. ‘టు’కు, ‘బై’కి ఉన్న ఈ తేడా పిల్లలకు ఒక్కసారి పట్టుబడితే చాలు, మళ్లీ తప్పు చెయ్యరు.

‘సొంత ఇల్లు’ అని రాసినవాళ్లనూ కోప్పడకు. ‘హ్యాడ్’ అనగానే ‘ఉంది’ అని గుర్తుపట్టారు, అక్కడే ఆగారు. సంక్రాంతికి మీ హాస్టల్లో నీ రూమ్మేట్ రెండు రోజులు ముందే ఊరెళ్లిపోతే ‘ఐ హ్యాడ్ ది రూమ్ టు మైసెల్ఫ్’ అంటావు. గది హాస్టల్ వాళ్లది, రేపు రూమ్మేట్ తిరిగొస్తే మళ్లీ ఇద్దరిదీ. హక్కు సంగతి ఇందులో లేదు. ఆ కాసేపూ పంచుకునేవాళ్లు లేరన్నదే సంగతి.

అసలు కీలకం ఇదే. మామూలుగా నలుగురూ ఉండే చోటికి, నలుగురూ వాడుకునే వస్తువుకే ఈ మాట అతుకుతుంది. వాక్యంలో కనపడకపోయినా ఆ నలుగురి నీడ దాని వెనక ఉండాలి. ‘ఐ హ్యావ్ మై టూత్‌బ్రష్ టు మైసెల్ఫ్’ అంటే వ్యాకరణం తప్పు కాదు గానీ వినేవాళ్లు వింతగా చూస్తారు. బ్రష్ ఎవరిది వాళ్లదే కదా. రైలు సంగతి చూడు. శ్రీకాకుళం రోడ్‌లో పలాస పాసింజర్ ఎక్కితే కాలు పెట్టే చోటుండదు. తిలారు, కోటబొమ్మాళి దాటేసరికి కాస్త ఊపిరాడుతుంది. నౌపడాలో బుట్టలవాళ్లంతా దిగిపోయారనుకో, ఎదురు సీటు మీద కాళ్లు చాపుకుని పలాస దాకా వెళ్లొచ్చు. ‘ఆఫ్టర్ నౌపడా వి హ్యాడ్ ది కంపార్ట్‌మెంట్ టు అవర్‌సెల్వ్స్’. అంతసేపు ఇరుక్కుని నిలబడ్డారు కాబట్టే ఆ వాక్యంలో అంత హాయి వినిపిస్తుంది. అదే రథసప్తమి నాడు అరసవల్లి గుడి గురించి ఎవరైనా అలా అంటే నమ్మకు. అర్ధరాత్రి నుంచే క్యూలు కట్టి ఉంటారు.

రథసప్తమి అంటే గుర్తొచ్చింది. ఆ రెండు రోజులూ మనింట్లో చుట్టాలు ఎలా దిగుతారో నువ్వూ చూశావు కదా. మీ పెద్దమ్మకు కాఫీ గ్లాసులు కడగడం, పిల్లల తడి బట్టలు ఆరేయడం, గుడి నుంచి వచ్చినవాళ్లకు వచ్చినట్టు వడ్డించడం, దీంతోనే సరిపోతుంది. తను కూర్చుందామనుకునేసరికి వీధిలో ఇంకో ఆటో ఆగుతుంది. అలాంటి రోజు ఇంగ్లీషువాళ్లు ‘ఐ హ్యావన్ట్ హ్యాడ్ ఎ మినిట్ టు మైసెల్ఫ్’ అంటారు. ఈ మాట ఇల్లూ వాకిలీ గురించే కాదమ్మా, టైమ్ గురించి కూడా వినిపిస్తుంది. ‘ఐ వజ్ బిజీ’ అంటే పని ఎక్కువైందని మాత్రమే తెలుస్తుంది. ఇందులో ఆ మనిషి నిమిషాలన్నీ వేరేవాళ్లు పట్టుకుపోయారని తెలుస్తుంది. మనం ‘నాకంటూ ఒక్క నిమిషం లేదు’ అంటామే, అదే ఇది. ఆ ‘నాకంటూ’ను పిల్లలకు చూపించు. వాళ్ల అమ్మ నోట రోజూ వింటున్న మాటే కాబట్టి చప్పున అర్థమవుతుంది.

ఇక నువ్వు పంపిన వాక్యం. ‘ఐ యామ్ హ్యావింగ్ ది స్టాఫ్ రూమ్ ఫర్ మైసెల్ఫ్ ఓన్లీ’ అని రాశావు. మనవాళ్లందరం అలాగే అనేస్తాం, సిగ్గుపడకు. కానీ టీచరువు కనుక సరిచేసుకోవాలి. ఈ అర్థంలో ‘యామ్ హ్యావింగ్’ అనరు, ‘హ్యావ్’ చాలు. ‘ఫర్’ కాదు, ‘టు’. ‘ఫర్ మైసెల్ఫ్’ అంటే నా కోసం అని. చీర కొనుక్కుంటే అది సరిపోతుంది. ‘ఓన్లీ’ మన ‘మాత్రమే’ నుంచి వచ్చి కూర్చుంది, దాన్ని పంపించెయ్. ‘ఐ హ్యావ్ ది స్టాఫ్ రూమ్ టు మైసెల్ఫ్’, చాలు. ఆ ‘సెల్ఫ్’ మాత్రం వాక్యంలో ఎవరున్నారో వాళ్లను బట్టి మారుతుంది, అది పిల్లలకు వచ్చిందే.

మధ్యలో ‘ఆల్’ చేర్చి ‘ఆల్ టు మైసెల్ఫ్’ అంటే బలం పెరుగుతుంది. ‘ఇల్లంతా నాదే’ అని చెప్పేటప్పుడు ఆ ‘అంతా’ను ఎలా సాగదీస్తామో అలా. అయితే ‘వాంట్’తో కలిసినప్పుడు జాగ్రత్త. ‘ఐ వాంట్ ది కంప్యూటర్ ఆల్ టు మైసెల్ఫ్’ అంటే ఇంకెవరినీ ముట్టుకోనివ్వను అన్నట్టు వినిపిస్తుంది. మనుషుల గురించి అంటే మరీ చనువుగా ఉంటుంది. భార్యాభర్తల మధ్య అందంగానే ఉంటుంది గానీ, ఆఫీసులో హెడ్‌మాస్టరు గురించి అలా అనకూడదు.

‘కీప్ ఇట్ టు యువర్‌సెల్ఫ్’ను ఇదే రోజు చెప్పకు. అది ఎవరికీ చెప్పకు, నీలోనే ఉంచుకో అనే వేరే సంగతి. రెండూ ఒకే పూట చెబితే పిల్లలు కలిపేసుకుంటారు. ఓ వారం ఆగు.

ఎలా చెప్పాలో కూడా అడిగావు. బోర్డు మీద అర్థం రాసి బట్టీ పట్టించకు. 1863లో మన పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో బడి చెబుతూ అక్కడి గిరిజనులైన సవరల భాష నేర్చుకున్నారు. చూసి నేర్చుకుందామంటే పుస్తకం లేదు. తెలుగు వచ్చిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, వాళ్ల నోటి మాటలు విని రాసుకున్నారు. అలా కూడబెట్టిన మాటలే 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువుగా అచ్చయ్యాయి. ఆయన శ్రద్ధలో ఇసుమంత మన క్లాసులో ఉన్నా పిల్లలు బాగుపడతారు. ముందు వాళ్ల నోట చెప్పించు. ఎప్పుడైనా ఏదైనా నీ ఒక్కడికే దొరికిందా, అప్పుడెవరు లేరు, మామూలుగా ఎవరుంటారు అని అడుగు. అన్నయ్య కాలేజీకి వెళ్లాక సైకిల్ నాదే అంటాడొకడు. తాతయ్య పడుకున్నాక టీవీ నాదే అంటుందొకతె. వాళ్ల తెలుగు వాళ్లు చెప్పాక అప్పుడు ఇంగ్లీషు వాక్యం ఇవ్వు. మొదటి వాక్యం నువ్వు చెయ్యి, రెండోది వాళ్లను చెయ్యనీ. తప్పు రాసినవాడిని పదిమందిలో నిలబెట్టకు.

సోమవారం ఈ పాఠం మళ్లీ తీస్తానన్నావు కదా. ‘ఒంటరిగా’ అని తప్పు చెప్పానని పిల్లలతో నేరుగా చెప్పి మొదలుపెట్టు, ఏమీ కాదు. వాళ్లు రాసిన వాక్యాలు ఫోటో తీసి పంపు, రాత్రి కూర్చుని చూస్తాను. అనుమానంగా ఉన్నవాటి పక్కన పెన్సిల్‌తో గీత పెట్టు.

మీ పెదనాన్న,
శ్రీకాకుళం