యెన్‌జీ వెళ్ళే ముందు ఒక మాట

చిన్నీ,

డిసెంబరు సెలవుల్లో సియోల్ నుంచి చైనాలోని యెన్‌జీ వెళ్తున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. "అన్నయ్యా, అది ఉత్తర కొరియా పక్కనంట. నువ్వు వెళ్ళొచ్చావు కదా, వద్దని నువ్వైనా చెప్పు" అన్నాడు. సరే చెప్తానన్నాను. ఫోన్ పెట్టేశాక మీ పెద్దమ్మతో మాత్రం, మన ఇంట్లోంచి ఆ ఊరికి వెళ్ళే రెండో మనిషి మా చిన్ని అని గొప్పగా చెప్పుకున్నాను. కాబట్టి వద్దని రాయడం లేదు. ఈ ఉత్తరం మీ నాన్నకి చూపించకు.

తేలికవి ముందు తేల్చేస్తాను. చలి మైనస్ 20 దాటుతుంది, సియోల్ కోటు చాలదు. బూట్లు ఒక సైజు పెద్దవి కొను, లోపల రెండు జతల సాక్సులు పట్టాలి. గూగుల్, మీ కొరియా చాట్ యాప్ కకావో అక్కడ నడవవనే అనుకో. డబ్బులు కట్టే చైనా యాప్ అలీపేకి నీ కార్డు సియోల్‌లోనే కలుపుకో. చైనా అంతటికీ బీజింగ్ టైమే కాబట్టి తూర్పు కొసన ఉన్న యెన్‌జీలో డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి పడిపోతుంది. మూడు దాటితే ఊరి బయట ఉండకు. పెక్టు కొండ మీది సరస్సు కోసం ఒక రోజు అదనంగా పెట్టుకో, గాలి లేచిందంటే పైకి దారి మూసేస్తారు. టికెట్ దగ్గర మాత్రం చాంగ్‌బాయ్ అని అడుగు. ఆ కొండ సగం చైనాది, సగం ఉత్తర కొరియాది, పేర్లు కూడా రెండు.

తిండికి లోటుండదు. అంత చలిలోనూ చల్లటి నూడుల్స్ లాగిస్తారు వాళ్ళు. బొగ్గుల మీద కాల్చే గొర్రె మాంసం పుల్లలకి జీలకర్ర దట్టిస్తారు. నేను మాంసం ముట్టను కదా, అయినా ఆ సందులోకి వెళ్ళి ఊరికే నిలబడేవాణ్ణి, ఇంట్లో పోపు వేసినట్టుండేది. బోర్డు మీద 'గౌరౌ' అని ఉంటే కుక్క మాంసం. కూర్చునే ముందు చూసుకో.

పక్కనున్న తూమెన్ ఊళ్ళో నది ఒడ్డుకి ఎలాగూ వెళ్తావు. అవతల కనపడేది ఉత్తర కొరియా, నామ్యాంగ్ అనే ఊరు. నది చాలాచోట్ల మన ఏలూరు కాలవంతే. గడ్డకట్టి పైన మంచు పడితే ఒడ్డు ఎక్కడ ఆగిందో, నీళ్ళు ఎక్కడ మొదలయ్యాయో తెలీదు. 2009 మార్చిలో ఇద్దరు అమెరికా జర్నలిస్టులు ఆ మంచు మీద నడిచి అవతలి సైనికులకి దొరికిపోయారు. పన్నెండేళ్ళ కఠిన శిక్ష వేశారు. చివరికి క్లింటన్ వెళ్ళి వెనక్కి తెచ్చుకున్నాడు. నీ కోసం మీ నాన్న తప్ప ఎవరూ రారు. రెయిలింగ్ దాటి ఒక్క అడుగు వేశావని తెలిస్తే నేనే ఊరుకోను. సైనికుల వైపు ఫోన్ కూడా ఎత్తకు.

ఇవన్నీ ఎవరైనా చెప్తారు. నా అసలు భయం వేరు. నీకు కొరియన్ వచ్చు, అదీ నా భయం.

నాకు కొరియన్, చైనీస్ రెండూ రావు కాబట్టి అక్కడ నోరు మూసుకుని తిరిగాను. నీకలా కాదు. అక్కడి కొరియన్లు పంతొమ్మిదో శతాబ్దం నుంచి, కరువులకి తాళలేక కొరియా ఉత్తరాన ఉన్న హమ్‌గ్యాంగ్ వైపు నుంచి నది దాటి వచ్చినవాళ్ళ సంతతి. 1952లో చైనా ఆ ప్రాంతాన్ని వాళ్ళ పేరు మీద స్వయంపాలిత ప్రాంతం చేసింది. నేను వెళ్ళినప్పుడు టీ కొట్టు నుంచి బ్యాంకు దాకా ప్రతి బోర్డు మీదా పైన కొరియన్, కింద చైనీస్. 2022లో రూలు మార్చి చైనీస్‌ని ముందుకు తెచ్చారు. ఇండియా పిల్ల వాళ్ళ భాషలో మాట్లాడితే నిన్ను చుట్టుముడతారు, పీట వేసి కూర్చోబెడతారు. నువ్వేమో ఊరుకునే రకం కాదు, అడుగుతావు. మీది ఏ దేశం అనుకుంటారు? అవతల చుట్టాలున్నారా? దాటి వచ్చినవాళ్ళని చూశారా? ఆ ఊళ్ళో ఉత్తర కొరియా వాళ్ళు నడిపే హోటళ్ళలో వడ్డించే అమ్మాయిలు కనపడితే ఊరూ పేరూ అడుగుతావు, ఫోటో అంటావు. లొంగ్‌జింగ్‌లో కవి యున్ దోంగ్‌జు పుట్టిన ఇంటికి వెళ్ళి, ఆయన కొరియా కవా చైనా కవా అని అక్కడి గైడుని నిలదీస్తావు. వద్దు తల్లీ. అడిగేసి నువ్వు విమానం ఎక్కుతావు. జవాబు చెప్పినవాళ్ళు అక్కడే ఉంటారు.

ఇది నాకెలా తెలిసిందో మీ పెద్దమ్మకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

2006 జనవరి. నేను బల్క్ డ్రగ్ కంపెనీలో పర్చేజ్ చూసేవాణ్ణి. సరుకు పని మీద జీలిన్ వెళ్ళాను, పని రెండు రోజుల ముందే అయిపోయింది. దుబాసీగా వచ్చిన కుర్రాడు యెన్‌జీ కొరియన్, ఇరవై రెండేళ్ళవాడు. మా ఊరు చూస్తారా అన్నాడు. ఆఫీసుకి చెప్పకుండా బయల్దేరిపోయాను. రాత్రి బాగా పొద్దుపోయి దిగాం. రెండు హోటళ్ళలో విదేశీయుల్ని పెట్టుకోం అన్నారు. కుర్రాడు నన్ను వాళ్ళ నాయనమ్మ ఇంటికి తీసుకుపోయాడు.

ఊరి చివర పెంకుటిల్లు. లోపల వంటిల్లూ పడకా వేరుగా లేవు, అంతా ఒకటే అరుగు. అరుగులోకే దించిన మూడు ఇనప కాగులు, వాటి మూతలు నల్లగా నిగనిగలాడుతున్నాయి. ముసలమ్మ మాట్లాడుతూనే ఆ మూతల్ని గుడ్డతో తుడుస్తూ ఉండేది. పొయ్యి వేడి నేల కిందుగా పోయి గదంతా వెచ్చగా ఉండేది. కుర్రాడి తల్లి దక్షిణ కొరియాలో ఏదో హోటల్లో గిన్నెలు కడుగుతోంది, చూసి ఆరేళ్ళయిందట. కడపలో, కోనసీమలో తల్లులు కువైట్ వెళ్ళిపోతే అమ్మమ్మల దగ్గర పెరిగే పిల్లలు లేరూ, అలాగే. మాంసం తిననని చెప్తే ఆమెకి ఒక పట్టాన అర్థం కాలేదు. చివరికి అన్నం, మినపవడియాల వాసనొచ్చే సోయా పులుసు, గుడ్లు పెట్టింది. తర్వాత నల్లటి రాళ్ళలాంటివి చన్నీళ్ళ గిన్నెలో వేసింది. గడ్డకట్టిన బేరిపళ్ళు. కాసేపటికి ఒక్కోదాని చుట్టూ మంచు పెంకు కట్టింది. దాన్ని పగలగొట్టి, కన్నం చేసి చేతికిచ్చింది. చిన్న రసాలు పీల్చినట్టు పీల్చాను.

ఆ రాత్రే కుర్రాడు అన్నాడు, "సార్, రేపు పొద్దున పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి మీ పేరు రాయించాలి, ఇరవై నాలుగు గంటల్లోపు." పొద్దున లేచేసరికి నాకు బద్ధకం. చలి. పైగా పేరు ఎక్కడైనా ఎక్కితే ఆఫీసుకి తెలుస్తుందేమోనని పిచ్చి టెన్షన్. "రెండు రాత్రులే కదయ్యా, ఎవడు చూస్తాడు" అన్నాను. వాడు రెండోసారి అడిగాడు. కసిరాను. పెద్దవాణ్ణి, సార్‌ని, ఇంకేమంటాడు?

మర్నాడు పొద్దున ఇద్దరు పోలీసులు వచ్చారు. నాతో మర్యాదగానే మాట్లాడారు, పాస్‌పోర్టు చూసి, ఇంకెప్పుడూ ఇలా చేయకండి అని తిరిగిచ్చేశారు. ముసలమ్మని మాత్రం తీసుకెళ్ళారు. కుర్రాడు వెంట పోయాడు. మూడు గంటలు నేను ఆ కాగుల మూతలు చూస్తూ కూర్చున్నాను. జరిమానా కట్టి తిరిగొచ్చింది. ఎంతో చెప్పలేదు. ఇంట్లో విదేశీయుణ్ణి ఎందుకు పెట్టావు, కొడుకు ఎక్కడ, కోడలు ఎక్కడ, అన్నీ అడిగి రాసుకున్నారని కుర్రాడు తల దించుకుని చెప్పాడు. నేను పర్సు తీశాను. ఆమె నా చెయ్యి మూసేసి ఒకే మాట అంది, "ఇరొప్సో." కుర్రాడు చెప్పాడు, పర్లేదు అంటోంది సార్ అని. తిరుగు ప్రయాణంలో స్టేషన్‌లో దిగి సంచి చూసుకుంటే నాలుగు ఉడికించిన గుడ్లున్నాయి.

అందుకే చెప్తున్నాను. హోటల్లోనే దిగు, ఫలానా హోటల్ అని ముందే బుక్ చెయ్యి, విదేశీయుల్ని పెట్టుకుంటారో లేదో ఫోన్ చేసి అడుగు, నీకు భాష వచ్చింది ఇందుకైనా పనికొస్తుంది. ఎవరైనా ప్రేమగా ఇంటికి రమ్మంటే వెళ్ళు, భోంచెయ్యి, రాత్రి ఉండకు. తప్పక ఉండాల్సొస్తే చీకటైనా చలైనా పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి పేరు రాయించాకే వీపు వాల్చు. ఒరిజినల్ పాస్‌పోర్టు ఒంటి మీదే ఉండాలి. హున్‌చున్ దాటి మూడు దేశాలు కలిసే ఫాంగ్‌చువాన్ వైపు వెళ్తే దారిలో అడుగుతారు.

కొంచెం గట్టిగా రాశానేమో. నువ్వు కొరియన్ నేర్చుకుంటానంటే ఇంట్లో అందరూ సీరియళ్ళ పిచ్చి అన్నారు, నేనూ నవ్వాను. ఇప్పుడు ఆ భాషే నిన్ను ఆ ఊరికి తీసుకుపోతుంటే నాకు ఒక పని గుర్తొచ్చింది.

రెండేళ్ళ కింద బాబ్జీ పెళ్ళిలో నేను నిన్ను ఇరొప్సో అంటే ఏమిటని అడిగాను. "పెదనాన్నా, సియోల్‌లో అలా అంటే 'నీతో నాకు పని లేదు, పో' అన్నట్టుంటుంది" అని నవ్వేశావు. పదార్థాలు వడ్డిస్తున్నారు, నేను మళ్ళీ అడగలేదు. కానీ ఆ రోజు నుంచి నిద్ర పట్టనప్పుడల్లా అదే. యెన్‌జీ వైపు మాట వేరని, అక్కడ దానికి నిజంగానే పర్లేదని అర్థమని తర్వాత ఎవరో అన్నారు. ఆ కుర్రాడు నా మీద గౌరవం కొద్దీ మాట మార్చి చెప్పలేదని నమ్మకమేంటి?

అక్కడ పొద్దున్నే బజారు పెడతారు. కూరలమ్మే ముసలమ్మ ఎవరైనా ఉంటే, చిల్లర లేదని చెప్పి చూడు. ఆ మాట అంటుందేమో, ఎలా అంటుందో విను. మొహం కూడా చూడు. రాత్రికి ఫోన్ చెయ్యి, ఎంత లేటైనా మెలకువగానే ఉంటాను.

మీ పెదనాన్న