సముద్ర స్నానాల ఫోటోలకు వెళ్తున్న చిన్నాకి

నల్లకుంట,
హైదరాబాద్.

చిరంజీవి చిన్నాకి, పెద్దమ్మ ఆశీస్సులు.

కార్తిక పౌర్ణమికి బాపట్ల దగ్గరి సూర్యలంక బీచ్‌కి వెళ్లి సముద్ర స్నానాలు ఫోటోలు తీస్తావని అమ్మ చెప్పింది. చాలా సంతోషం వేసింది నాన్నా. ఏ లెన్స్ పట్టుకెళ్లాలని అడిగావట. అది తర్వాత చెప్తాను. ముందు అక్కడ ఏం జరుగుతుందో తెలుసుకో. అది తెలియకపోతే చేతిలో ఏ లెన్స్ ఉన్నా ఒకటే.

మామూలు రోజుల్లో సముద్రాన్ని తాకకూడదని, పర్వదినాల్లోనే అందులో స్నానం చేయాలని పెద్దవాళ్ల మాట. అందుకే కార్తిక పౌర్ణమికీ మాఘ పౌర్ణమికీ అంత జనం వస్తారు. చీకటి ఉండగానే ట్రాక్టర్లలో, ఆటోల్లో దిగుతారు. ఆడవాళ్లు తడి ఇసుకతో గౌరమ్మనో శివలింగాన్నో చేసి, పసుపు కుంకుమ పెట్టి, పూలూ పళ్లూ కొబ్బరికాయతో పూజ చేస్తారు. కొందరు పురోహితుడితో సంకల్పం చెప్పించుకుంటారు. మునకలు, సూర్యుడికి దోసిలితో అర్ఘ్యం, అరటి దొప్పలో దీపం. ఒక్కో ఇంటి పద్ధతి ఒక్కోలా ఉంటుంది. ఈ వరస తెలిసినవాడికి తర్వాత ఏ చెయ్యి ఎటు కదులుతుందో ముందే తెలుస్తుంది. తెలియనివాడు దోసిట్లో నీళ్లు జారిపోయాక కెమెరా ఎత్తుతాడు.

దీపాల దగ్గర ఎక్కువసేపు ఉండు. గోదావరిలోనో కృష్ణలోనో దీపం వదిలితే అది సాగిపోతుంది. సముద్రం అలా తీసుకుపోదు, వదిలిన దొప్పను మళ్లీ ఒడ్డుకే తోస్తుంది. పైగా గాలికి వత్తి నిలవదు. అందుకని ఇసుకలో చిన్న గుంట తీసి, చుట్టూ ఒదిగి కూర్చుని, కొంగు అడ్డం పెట్టి వెలిగించేవాళ్లు కనిపిస్తారు. ఆ తంటాలోనే ఫోటో ఉంది. ముగ్గురు ఆడవాళ్లు వంగి దేన్నో కాపాడుతున్నారు, కొంగు అంచులోంచి పసుపు వెలుగు కొంచెం బయటికి వస్తోంది, అంతే. దీపం కనపడదు. చూసేవాళ్లు లోపల ఏముందా అని ఫోటోలోకి వంగుతారు. అదే దీపాన్ని దగ్గరగా, నిండుగా తీశావనుకో, బాగుంది అనేసి వెళ్లిపోతారు.

నీకు చెప్పాలనుకున్న అసలు మాట ఇదే చిన్నా. చూపును నిలబెట్టే ఫోటోలో అన్నీ స్పష్టంగా ఉండాలి, ఒక్కటి మాత్రం చెప్పకుండా మిగలాలి. చాలామంది ఈ మొదటి సగం మర్చిపోతారు. పొగ, మసక, వంకర ఫ్రేము, నలుపు తెలుపు, వీటితో వింత పుట్టించాలని చూస్తారు. అది వింత కాదు, ఏమీ కనపడకపోవడం. మనిషి ఎవరో, వయసెంతో, ఏం కట్టుకుందో, నేల తడో పొడో అన్నీ తెలియాలి. అప్పుడు మిగిలిన ఆ ఒక్క ప్రశ్నకు బలం వస్తుంది.

ఇంకో ఉదాహరణ చెప్తాను. ఇంటిల్లిపాదీ నీళ్లలో ఉంటే సామాన్లకు కాపలా ఒకరు ఉండాలి కదా. ఒక పెద్దాయన సంచుల మధ్య ఇసుకలో కూర్చుని ఉంటాడు, పంచె పొడిగా ఉంటుంది, ఒళ్లో నాలుగు సెల్‌ఫోన్లు, రెండు వాచీలు, ఎవరిదో కళ్లజోడు. ఆయన్ను తీసేటప్పుడు సముద్రం ఫ్రేములోకి రానక్కర్లేదు. ఆయన చూపు ఎటు ఉందో, తడి కాళ్ల గుర్తులు ఎటు వెళ్లాయో కనిపిస్తే చాలు. సముద్ర స్నానాల మీద సముద్రం లేని ఫోటో! నాకైతే ఎర్రటి సూర్యుడి ముందు నల్లగా చేతులెత్తిన మనిషి కంటే ఇదే గొప్పగా అనిపిస్తుంది. ఆ సూర్యుడి ఫోటో అందరూ తీస్తారు. నువ్వూ ఒకటి తీసేసి ఆ పని అయిందనుకో.

ఇక వెలుగు. నవంబరులో అక్కడ ఆరు దాటాక సూర్యుడు వస్తాడు. దానికి ఇరవై, ఇరవై ఐదు నిమిషాల ముందు ఆకాశం నీలంగా ఉండి, దీపాల వెలుగు దానికి సరితూగుతుంది. ఆ కాసేపు ఒక్క నిమిషం కూడా పోగొట్టుకోకు. వైట్ బ్యాలెన్స్, అంటే రంగులు సరిచేసే అమరిక, ఆటోలో వదిలితే కెమెరా ఆ పసుపును కడిగేస్తుంది, డేలైట్‌లో పెట్టు. ఫ్లాష్ వద్దే వద్దు. తెల్లవారాక ఆకాశం, నీళ్లు, తడి ఇసుక అన్నీ మెరుస్తాయి కాబట్టి ఎదురు వెలుగులో మొహాలు నల్లబడతాయి, ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పెంచి, అంటే వెలుగు రెట్టింపు చేసి చూడు. అర్ఘ్యం నీటిచుక్కలు గాల్లో ఆగినట్టు రావాలంటే షట్టర్ వేగం సెకనులో వెయ్యో వంతు కావాలి. పౌర్ణమి కదా, సూర్యుడు తూర్పున లేస్తుంటే చంద్రుడు పడమట దిగుతుంటాడు. జనమంతా తూర్పుకు చూస్తుంటే వెనక సరుగుడు చెట్ల మీద ఇంకా చంద్రుడు ఉంటాడు. వెనక్కి తిరిగి చూసే ఫోటోగ్రాఫర్ అరుదు.

అయితే మొహాలు కావాలని పూజ చేసేవాళ్లకూ సూర్యుడికీ మధ్య నిలబడకు. వాళ్లు వచ్చింది ఆయన్ను చూడటానికి. పక్కన నిలబడు. సముద్రానికి వీపు పెట్టకు, మడమలు దాటి నీళ్లలోకి దిగకు. పౌర్ణమికి పోటు మామూలు కంటే ఎక్కువ, వెనక్కి వెళ్లే నీళ్లు కాళ్ల కింద ఇసుకను లాగేస్తాయి.

ఆడవాళ్ల విషయం గట్టిగా చెప్తున్నాను. తడి బట్టలతో ఒడ్డుకు వస్తున్నవాళ్లను, బట్టలు మార్చుకునే చోట్లను తీయకూడదు. ఎంత మంచి వెలుగు పడినా సరే, కెమెరా కిందికి దించాలి. 1892లోనే నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ మన హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసం విడిగా జనానా స్టూడియో పెట్టి, అందులో ఫోటోలు తీయడానికి ఒక ఆంగ్ల మహిళను నియమించాడు. అడిగి, వాళ్లకు ఇబ్బంది లేకుండా తీయడం ఈ ఊళ్లో మన పనికి అంత పాత పద్ధతి. పెద్దలకు తర్పణాలు వదిలేవాళ్లు కనిపిస్తే ఇంకా జాగ్రత్త. వాళ్ల కళ్లలోకి చూసి, తల ఊపితేనే తియ్యి. సంకల్పం చెప్పేటప్పుడు షట్టర్ చప్పుడు కూడా ఆపెయ్యి.

సామాను తక్కువ పెట్టుకో. ముప్ఫై ఐదు ఎంఎం లెన్స్ చాలు, జూమ్ ఇంట్లో వదిలెయ్యి. దూరం నుంచి లాగి తీసినవి దొంగచాటుగా తీసినట్టే ఉంటాయి. ఇసుక గాలిలో లెన్స్ మార్చకు. ఉప్పు తుంపర పడితే పొడి గుడ్డతో రుద్దకు, ఇసుక రేణువు గీత పెడుతుంది. ముందు బ్లోయర్‌తో ఊది, తర్వాత మంచినీళ్లతో కొద్దిగా తడిపిన మెత్తటి గుడ్డతో తుడువు.

ఒకరోజు ముందే రైలెక్కు. బాపట్ల నుంచి బీచ్ తొమ్మిది కిలోమీటర్లు, పర్వదినాన ఆ దారంతా బండ్లే. ముందు రోజు సాయంత్రం ఒడ్డు వెంట కెమెరా లేకుండా నడిచి రా.

ఈలోపు ఇక్కడే సాధన చెయ్యి. పౌర్ణమికి తొమ్మిది రోజుల ముందు, షష్ఠినాడు హుస్సేన్‌సాగర్ ఒడ్డున బీహారీలు ఛఠ్ పూజ చేస్తారు. చేటల్లో పళ్లు, చెరకు గడలు పట్టుకుని అస్తమించే సూర్యుడికి అర్ఘ్యం ఇస్తారు, మర్నాడు తెల్లవారుజామున మళ్లీ వస్తారు. ఎదురు వెలుగు, నీళ్లు, చేతులు అన్నీ అవే. రెండు పూటలూ వెళ్లు. వాళ్ల భాషలో నమస్కారం పెట్టు, ఏం చేస్తున్నారో అడుగు. ప్రసాదం పెడితే కెమెరా పక్కన పెట్టి తిను.

తిరిగి వచ్చాక వెంటనే ఫోన్‌లో అందరికీ పంపేయకు. వారం ఆగి ఎంచు. ఎవరెవరు తీయనిచ్చారో వాళ్ల నంబరు తీసుకుని ఉంటావు కదా, ముందు వాళ్లకు పంపు. పది ఫోటోలు ప్రింటు తీయించి ఆదివారం పొద్దున ఇంటికి తీసుకురా. నువ్వేమీ చెప్పకూడదు. నేను ఒక్కోటి చూసి ఏం అడుగుతానో నువ్వు రాసుకో. నేనేమీ అడగనివి పక్కన పెట్టి, మిగిలినవి మళ్లీ చూద్దాం. పెసరట్టు పిండి రుబ్బి ఉంచుతాను, పెందలాడే రా.

ఇట్లు,
పెద్దమ్మ