దీర్ఘకాలిక నడుము నొప్పిలో కండరాల అసమతుల్యత వల్లే వంగడం కష్టమవుతుందా?

మూడు నెలలకు మించి నడుము నొప్పి ఉన్నవారు ముందుకు వంగలేకపోవడానికి వెన్ను కండరాల అసమతుల్యతే కారణమా అన్నది ప్రశ్న. కొంతవరకు అవును, కానీ ఏది కారణమో, ఏది ఫలితమో విడదీయడం తేలిక కాదు.

పక్కపక్క వెన్నుపూసలను పట్టి ఉంచే మల్టిఫిడస్ అనే లోతైన కండరం కొందరిలో నొప్పి ఉన్న వైపు సన్నబడుతుంది, అందులో కొవ్వు చేరుతుంది. పైపొరలోని పొడవాటి ఎరెక్టర్ స్పైనే కండరాలు మాత్రం అవసరానికి మించి బిగుసుకుంటాయి. ఆరోగ్యవంతులు పూర్తిగా వంగినప్పుడు ఈ పైకండరాల విద్యుత్ చర్య దాదాపు ఆగిపోయి, శరీర భారం చాలావరకు లిగమెంట్ల (ఎముకలను కలిపి ఉంచే గట్టి పట్టీల) మీదికి మారుతుంది. ఫ్లాయిడ్, సిల్వర్ అనే పరిశోధకులు 1950లలోనే దీనిని వివరించారు. దీర్ఘకాలిక నొప్పి ఉన్న చాలామందిలో ఈ సడలింపు రాదు, కనుక నడుము బిర్రుగా ఉండిపోయి వంగే పనిలో ఎక్కువ భాగం తుంటి కీళ్ల మీద పడుతుంది. నొప్పి వస్తుందన్న భయం కూడా ఇలాగే కండరాన్ని బిగిస్తుంది; దీనిని చాలామంది పట్టించుకోరు.

కదలికను కొలవడానికి టేపు చాలు: సవరించిన షోబర్ పరీక్షలో నడుము మీద గుర్తించిన 15 సెంటీమీటర్ల దూరం, వంగినప్పుడు కనీసం 20కి చేరాలి.

నొప్పి లేని వారిలోనూ, ముఖ్యంగా క్రికెట్ ఫాస్ట్ బౌలర్లలో, కుడి ఎడమల తేడా కనిపిస్తుంది. అందువల్ల స్కానింగులోని తేడాను సరిచేయడం కంటే క్రమంగా పెంచే వ్యాయామమే నా దృష్టిలో సరైన లక్ష్యం. కాలు బలహీనపడినా, మూత్రం మీద పట్టు తప్పినా వ్యాయామం ఆపి వెంటనే వైద్యుని దగ్గరకు వెళ్లాలి.