రాక్షసుణ్ణి తీసెయ్, కత్తెర ఉంచు

వడపళని, చెన్నై

చిట్టికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నీ నవల మొత్తం చదివాను. అభిప్రాయం ఫోన్‌లో చెప్పమన్నావు. ఫోన్‌లో అయితే నేను ఒక మాట అనేలోపు నువ్వు నాలుగు జవాబులు చెప్తావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. ముందు కూర్చుని చదువు, తర్వాత ఎంతైనా వాదించు.

నచ్చింది మొదట చెప్తాను. మాంబళం స్టేషన్ పక్క సందులో నాయనమ్మ ఆల్టరేషన్ కొట్టు. పగలంతా చీరలకు ఫాల్ కుట్టడం, పీకో చేయడం. దీపాలు పెట్టే వేళకి చిరిగిన నీడలు పట్టుకుని జనం రావడం. గూడూరు నుంచి వచ్చిన పదిహేనేళ్ళ మల్లి అక్కడ పని నేర్చుకోవడం. రంగనాథన్ వీధి తోపులాటలో జనం ఒకరి నీడ ఒకరు తొక్కి చింపుకుంటారని రాశావు చూడు, అక్కడ పైకే నవ్వాను. దీపావళి ముందు ఆ వీధిలో ఒక్కసారి నడిచినవాళ్ళకి ఆ ముక్క వివరించక్కర్లేదు.

మల్లికి కావలసింది ఒక్కటే. నాయనమ్మ తన పెద్ద కత్తెర మల్లి చేతికివ్వాలి. ఎనిమిది అధ్యాయాలు నేను ఆ కత్తెర కోసమే చదివాను. తొమ్మిదో అధ్యాయంలో నీడల్ని మింగే రాక్షసుడొకడు దిగి, చెన్నపట్నమంతా చీకట్లో ముంచేస్తానన్నాడు. పెళ్ళిచూపుల్లోకి పోలీసులు జొరబడ్డట్టుంది.

వాడు ఎందుకు వచ్చాడో ఊహించగలను. "ఇందులో కథేముంది? పెద్ద ప్రమాదం ఏదో ఒకటి ఉండాలి కదా" అని నీ ఆఫీసులో ఎవరో అనుంటారు. నువ్వు టెన్షన్ పడి రాక్షసుణ్ణి దింపావు. వాణ్ణి తీసెయ్. ఊరే మునిగిపోతుందన్నాక కత్తెర సంగతి ఎవరికి పడుతుంది? పదో అధ్యాయంలో మల్లి ఆ కత్తెరతోనే రాక్షసుడి నీడ కత్తిరించింది, నాయనమ్మ మెచ్చుకుంది, బాగానే ఉంది. కానీ ఆవిడ కత్తెర ఇచ్చింది మల్లికి పని వచ్చిందని కాదు, వేరే దారి లేక. అన్ని పేజీలు నేను ఎదురుచూసిన ఘట్టం ఆ గందరగోళంలో ఎటో కొట్టుకుపోయింది.

ఊరు మునిగే ప్రమాదమేదీ లేని ఇలాంటి చిన్న మాయకథలు పిల్లలకి ఎందుకు నచ్చుతాయో నేను పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు. ఆడపిల్లల బడిలో లైబ్రరీ చూసినన్నాళ్ళూ కళ్ళారా చూశాను. రాజ్యాలు, యుద్ధాలు, లోకాన్ని కాపాడే కుర్రాళ్ళు ఉన్న లావాటి పుస్తకాలను ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు పోట్లాడుకుని మరీ తీసుకెళ్ళేవాళ్ళు. ప్లస్ టూ పిల్లలు మాత్రం, అదీ పరీక్షల నెలల్లో, ఒకసారి చదివేసిన పుస్తకమే మళ్ళీ అడిగేవాళ్ళు. చూస్తే అది ఏ మంత్రగత్తె పిల్లో కొత్త ఊళ్ళో అద్దెగది వెతుక్కునే కథ అయ్యేది. మొదట్లో బద్ధకం అనుకునేదాన్ని. తర్వాత అర్థమైంది. ఆ పిల్లలకి ఇంట్లో, బడిలో, కోచింగ్ సెంటర్లో అందరూ చెప్పే మాట ఒక్కటే, "ఈ ఒక్క పరీక్షతో నీ జీవితం తేలిపోతుంది" అని. నీట్ అనో, జేఈఈ అనో లోకం అంతమైపోయే కథ వాళ్ళు రోజూ పొద్దున్నే లేచి బతుకుతూనే ఉన్నారు. పుస్తకంలో వాళ్ళకి కావలసింది ఈ రోజు కుట్టు చెడినా రేపు మళ్ళీ తలుపు తీసే కొట్టు.

ఇంకో సంగతి. పదిహేనేళ్ళప్పుడు చిన్న విషయం అనేది ఉండదు. మధ్యాహ్నం డబ్బా తెరిచేటప్పుడు పక్కన కూర్చునే స్నేహితురాలు ఆ రోజు వేరే బెంచీకి వెళ్ళిందంటే రాత్రి నిద్ర పట్టదు. మనం పెద్దయి మర్చిపోయాం, అంతే. ఆ కొలతతో చూస్తే నీ కత్తెర చిన్నదేం కాదు.

"ఇదంతా విదేశీ ఫ్యాషన్" అని మీ నాన్న అన్నాడని రాశావు. కాశీమజిలీ కథలు గుర్తు చెయ్యి వాడికి. మధిర సుబ్బన్న దీక్షితులు గారు పన్నెండు భాగాలు రాశారు. పై కథ ఏమిటి? మణిసిద్ధుడనే యతి, గోపుడనే గొల్లపిల్లాడు కాశీకి నడిచి వెళ్తుంటారు. దారిలో కనబడ్డ వింతల గురించి వాడు అడుగుతాడు, మజిలీలో ఆయన చెప్తాడు. లోపలి కథల్లో రాజులూ మాయలూ కావలసినన్ని ఉన్నాయి, కాదనను. కానీ ఆ ఇద్దరినీ ఎవరూ తరమడం లేదు. రేపు కూడా గోపుడు అడుగుతాడు, ఆయన విసుక్కోకుండా చెప్తాడు అన్న భరోసా మీదే అంత పెద్ద గ్రంథం నడిచింది.

మరి చందమామ సీరియళ్ళలో ప్రతి భాగం చివరా ప్రమాదమే కదా అంటావు. నిజమే. 1947 జూలైలో ఈ ఊళ్ళోనే మొదలైన పత్రిక అది. మా పేటలోనే ఆఫీసు ఉండేది. దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్లో నెలాఖరుకి వీరుడు ఏ అగాధం అంచునో వేలాడుతుండేవాడు. ఎందుకంటే చదివేవాడు నెల రోజులు ఆగాలి, ఆగి మళ్ళీ పత్రిక కొనాలి. అది పత్రికకు ఉండే అవసరం. ఇప్పుడు యాప్‌లో రోజుకో భాగం పెట్టేవాళ్ళదీ అదే అవసరం. నీ పుస్తకం మొత్తంగా ఒకేసారి చేతికొస్తుంది. నీకు ఆ అగాధం అక్కర్లేదు. అధ్యాయం చివర ఇద్దరి మధ్య తేలని మాట ఒకటి వదిలితే చాలు, పేజీ దానంతటదే తిరుగుతుంది.

రాక్షసుడు పోయాక మిగిలిన దాంట్లో అసలు చిక్కు ఉంది. నీ మూడో అధ్యాయం నుంచి ఆరో అధ్యాయం దాకా అందరూ మంచివాళ్ళే. వస్తారు, కాఫీ తాగుతారు, నీడ బాగు చేయించుకుంటారు, దండం పెట్టి వెళ్తారు. నాకు ఆవలింతలు వచ్చాయి. లోకం మునగకపోవడం వేరు, ఎవరికీ ఏమీ పోకపోవడం వేరు. ఎవరికో ఏదో పోయే అవకాశం లేకపోతే అది కథ కాదు, కాలక్షేపం. మల్లి ఒక నీడని వేలెడంత పొట్టిగా కత్తిరించేసిందనుకో. గుడ్డ అయితే మడత విప్పి పొడుగు చెయ్యొచ్చు, కత్తిరించింది అతకదు. ఆ నీడ కొత్తగా స్నేహమైన పక్కింటి పిల్లది. ఇప్పుడు చెప్పాలా, దాచాలా? ఆ పిల్ల ఎండలో నిలబడి గమనించేదాకా ఎన్ని రోజులు? ఇందులో ఎవరూ చావరు. నేను మాత్రం ఆ పూట వంట మానేసి చదువుతాను.

ఎయికో కడోనో అనే జపాన్ రచయిత్రి 1985లో కికీ అనే మంత్రగత్తె కథ రాసింది. ఆ లోకంలో మంత్రగత్తె పిల్ల పదమూడేళ్ళకి ఇల్లు వదిలి, మంత్రగత్తె లేని ఊరు చూసుకుని ఏడాదిపాటు తన బతుకు తాను బతకాలి. కికీకి వచ్చిన విద్య చీపురు మీద ఎగరడం ఒక్కటే. దాంతో సామాన్లు చేరవేసే పని పెట్టుకుంటుంది. అంతే. 1989లో హయావో మియాజాకీ సినిమా తీసినప్పుడు చివర గాలి ఓడ ప్రమాదం ఒకటి చేర్చాడు. పుస్తకంలో అది లేదు. సినిమా నాకూ ఇష్టమే, తెర ముందు కూర్చున్నవాళ్ళకి ఆఖర్న ఒక ఊపు కావాలి. పుస్తకానికి మాత్రం ఆ ఓడ అవసరం పడలేదు. ఆ తర్వాత భాగాల్లో కికీ పెరిగి, పెళ్ళాడి, పిల్లల తల్లి అయ్యేదాకా ఆవిడ రాస్తూనే పోయింది. 2018లో ఆవిడకి హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ అవార్డు కూడా వచ్చింది. ఈ పుస్తకం సంపాదించి చదువు. చదివేటప్పుడు ప్రతి అధ్యాయంలోనూ కికీ దేనికి భయపడుతోందో పక్కన పెన్సిల్‌తో రాసుకో. చాలాసార్లు "వీళ్ళకి నేను నచ్చుతానా" అనే ఉంటుంది.

రెండోది డయానా విన్ జోన్స్ 1986లో రాసిన హౌల్స్ మూవింగ్ కాజిల్. అందులో సోఫీ ముగ్గురు అక్కచెల్లెళ్ళలో పెద్దది. కథల్లో పెద్దకూతురికి ఎప్పుడూ కలిసిరాదని తనే తీర్మానించుకుని టోపీల కొట్లో తల వంచుకు కూర్చుంటుంది. శాపం తగిలి ముసలిదైపోయాక నోరు లేస్తుంది! ఎవరినీ లెక్కచెయ్యదు. మాయలూ మంత్రగత్తెలూ ఉన్నా మనం చదివేది ఆ అమ్మాయి తన గురించి తాను పెట్టుకున్న తప్పు లెక్క ఎప్పుడు సరిచేసుకుంటుందా అని.

ఇప్పుడు మల్లి దగ్గరికి రా. మల్లి తప్పు లెక్క ఏమిటి? తన చెయ్యి మంచిది కాదని నాయనమ్మ కత్తెర ఇవ్వడం లేదనుకుంటోంది. అసలు కారణం ఏమిటో నువ్వు ఎక్కడా చెప్పలేదు. నీకే తెలియకుండా రాసేశావు మాత్రం. మూడో అధ్యాయంలో సూదిలో దారం ఎక్కించమని నాయనమ్మ మల్లిని పిలుస్తుంది. ఐదులో కాఫీ గ్లాసు మిషన్ మీద కాకుండా పక్కకి పెట్టి కింద పడేస్తుంది. ఏడులో నల్ల దారం బదులు నీలం దారం వేసి, "ఈ మధ్య మంచి దారం రావడం లేదు" అని కంపెనీని తిడుతుంది. చిట్టీ, ఆవిడకి కళ్ళు కనబడడం లేదే! శుక్లాలు ముదిరాయి. కత్తెర ఇచ్చిందంటే తన పని అయిపోయిందని ఒప్పుకున్నట్టు. అందుకే ఇవ్వడం లేదు. నీ నవల మొత్తం ఇక్కడ ఉంది. ఇది వదిలేసి రాక్షసుడి కోసం పరిగెత్తావు.

ఇక మంత్రం సంగతి. అది బాగుంది కానీ మరీ సులువుగా ఉంది. దానికీ ఇంటిపని ఉండాలి. నీడ కుట్టడానికి ఎంత తీసుకుంటారు? మిగిలిన పీలికలు ఏం చేస్తారు? తీసుకెళ్ళని నీడలు ఎన్నాళ్ళు ఉంచుతారు? ఈ ఊరు నీకో వరం ఇచ్చింది, వాడుకోలేదు. ఏప్రిల్ చివరి వారంలో ఒక రోజు, ఆగస్టు మూడో వారంలో ఒక రోజు చెన్నైలో మధ్యాహ్నం పన్నెండు దాటిన కాసేపటికి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిలువుగా నిలబెట్టిన దేనికీ పక్కకి నీడ పడదు. మనం పదమూడు డిగ్రీల అక్షాంశం మీద ఉండబట్టి ఇది ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. ఢిల్లీలో ఎన్నటికీ జరగదు. నీడలు కుట్టే కొట్టుకి ఆ రోజు సెలవా? లేక ఏడాదంతా కుట్టిన నీడలు ఆ కాసేపూ ఎక్కడికి పోతాయి? ఇలాంటి ప్రశ్న ఒకటి చాలు, ఒక అధ్యాయం వస్తుంది.

భాష గురించి ఒక మాట. నాయనమ్మ చేత "నీవు ఈ కత్తెరను ముట్టరాదు" అనిపించావు. గూడూరు ముసలమ్మ అలా అంటుందా? "ఏందమ్మే, కత్తెర మింద చెయ్యేస్తా ఉండావే" అంటుంది. కొట్టుకొచ్చేవాళ్ళలో సగం మంది తమిళంలో మాట్లాడతారు, "శీక్రం కుడుంగమ్మా" అని తొందరపెడతారు. ఉండనీ. పక్కన అర్థాలు రాయకు, సందర్భమే చెప్తుంది. కథనం మాత్రం తేలిగ్గా ఉంచు. 2006లో బళ్ళలో తమిళం తప్పనిసరి చేసే చట్టం వచ్చాక ఇక్కడ పుట్టిన మన పిల్లల్లో తెలుగు ఇంట్లో నేర్చుకుని కూడబలుక్కుని చదివేవాళ్ళే ఎక్కువ కనబడుతున్నారు నాకు. వాళ్ళని మొదటి పేజీలోనే సమాసాలతో తరిమేయకు.

ఇలాంటివి ఎవరైనా కొంటారా అని అడిగావు. 2022లో ట్రావిస్ బాల్డ్రీ అనే ఆయన, కత్తి పక్కన పడేసి కాఫీ కొట్టు పెట్టుకున్న ఒక యోధురాలి కథ సొంతంగా వేసుకున్నాడు. అదే ఏడాది పెద్ద ప్రచురణకర్త తీసుకుని మళ్ళీ వేశాడు. అది పెద్దల నవల, ఇంగ్లీషు మార్కెట్ వేరు. తెలుగులో ఏమవుతుందో నువ్వు రాసి చూస్తేనే తెలుస్తుంది. రాయకముందే ఆ దిగులెందుకు?

చివరి అధ్యాయానికి నాకో ఆలోచన ఉంది, నచ్చితే తీసుకో. నాయనమ్మ కంటాపరేషన్‌కి ఒప్పుకుంటుంది. ఆ రోజుల్లో కొట్టు మల్లిదే, కత్తెరా మల్లిదే. ఆపరేషన్ అయ్యాక ఆవిడ నల్లకళ్ళద్దాలు తీసి సాయంత్రం ఎండలో వీధి వైపు చూస్తుంది. వచ్చేపోయేవాళ్ళ నీడల మీద మల్లి వేసిన కుట్లన్నీ కనబడతాయి. కొన్ని వంకర. పక్కింటి పిల్ల నీడ పొట్టి. అప్పుడు ఆవిడ ఏమంటుంది? కత్తెర వెనక్కి అడుగుతుందా? అది నేను చెప్పను, నువ్వే రాయాలి.

తొమ్మిది, పది అధ్యాయాలు తీసేసి, మూడు నుంచి ఆరు మళ్ళీ రాసి పంపు. పొంగల్‌కి ఎలాగూ వస్తావు కదా, అప్పటికి నాయనమ్మ మాట వరకైనా తేల్చుకుని రా. జనవరిలో పుస్తకాల సంతకి ఇద్దరం కలిసి వెళ్దాం. కికీ అక్కడ దొరక్కపోతే కోట్టూరుపురం అన్నా లైబ్రరీలో పిల్లల విభాగంలో వెతుకుదాం.

ఇట్లు
మీ పెద్దమ్మ